పెట్టెలో జనవరి పదహారు

మా ఆయన ఎసెన్‌కుల్ జనవరి పద్నాలుగున, మంగళవారం పొద్దున పోయాడు. మధ్యాహ్నం రెండున్నరకి జైనెప్ అపా ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసింది.

జైనెప్ అపా మా అత్తగారి చెల్లెలు. చావు జరిగిన ఇంట్లో ఏది ఎక్కడుండాలో అత్‌బాషీ ఊళ్లో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అద్దాల మీద గుడ్డలు కప్పింది. టీవీ మీద దుప్పటి వేసింది. రేడియో తీగ లాగేసింది. చివరికి గోడ అలమరలో ఉన్న చిన్న నల్ల పెట్టె ముందు నిలబడి, దాని పచ్చ దీపం వెలిగి ఆరుతుంటే కాసేపు చూసింది.

"ఇదేమిటే, కన్ను కొడుతోంది?"

"సర్వర్, అపా."

"ఏదైతేనేం. చావింట్లో కన్ను కొట్టేవి ఉండకూడదు. సిగ్గు లేకపోతే సరి."

తీగ పట్టుకుని లాగింది. దీపం ఆరిపోయింది. నేను అడ్డు చెప్పలేదు. అది ఆపకూడని పెట్టె అని నాకు తెలుసు. తెలిసీ చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఎవరైనా వచ్చి ఇంటి పైకప్పు తీసుకుపోతున్నా అలాగే చూసేదాన్ని.

ఎసెన్‌కుల్ టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. నేను అఫ్గాన్ వైపు పామీర్ కొండల నుంచి మా వాళ్లతో ఇక్కడికి వచ్చేసరికి నాకు నలభై నాలుగేళ్లు. మరుసటి ఏడు పెళ్లి చేసుకున్నాం. ఇద్దరికీ అది రెండో పెళ్లి, పిల్లలు లేరు. మా కొండల్లో బడి లేదు. లైబ్రరీలో ఆడవాళ్లకు పెట్టిన క్లాసులో నలభై ఏడో ఏట అక్షరాలు దిద్దాను. ఆ క్లాసులో చెప్పని ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఎసెన్‌కుల్ ఆ పెట్టె ముందు కూర్చోబెట్టి నేర్పాడు.

ఊళ్లోవాళ్ల మూడు ఇంటర్నెట్ పేజీలు ఆ పెట్టెలో ఉండేవి. మేం పదకొండు మంది ఆడవాళ్లం చేసే షిర్దాక్ ఉన్ని తివాచీల పేజీ, పశువుల మందుల షాపు పేజీ, కొండ దారిలో ఉన్న అతిథిగృహం పేజీ. ఎవరైనా ఫోన్లో మా పేరు కొడితే, ఎక్కడున్నా సరే, బొమ్మలు మా ఇంటి అలమరలోంచే వెళ్లేవి. అంతా నడిపే ఫైలు పద్దెనిమిది వరుసలు. ముందు పేజీ పేరు, తర్వాత మీసం లాంటి బ్రాకెట్టు, లోపల బొమ్మలు ఎక్కడున్నాయో ఒక వరుస, మళ్లీ బ్రాకెట్టు. నేను చదవగలిగినంత చిన్నది. కొత్త పని ఏదైనా కావాలంటే దానికో ముక్క కలుపుకుంటే చాలు, ఉన్ని గుడారానికి ఇంకో జాలిగోడ కట్టినట్టు.

"మిగతా సర్వర్లు కొత్త కోడళ్లు," అనేవాడు ఎసెన్‌కుల్. "ప్రతిదీ చెప్పాలి. ఇది అత్తగారు. చెప్పకుండానే అన్నీ చూసుకుంటుంది."

ముఖ్యంగా సర్టిఫికెట్లు. ప్రతి పేజీకీ ఒకటి ఉండాలట. ఇది ఫలానా వాళ్ల పేజీయే, దారిలో ఎవరూ వేలు పెట్టలేదు అని పైనెక్కడో ఉన్నవాళ్లు వేసే ముద్ర అది. తొంభై రోజులే చెల్లుతుంది. ఇంకా ముప్పై రోజులు ఉందనగానే మా పెట్టె తనే వెళ్లి అడిగి కొత్తది తెచ్చుకునేది. ఎసెన్‌కుల్‌కి ఆ సంగతి తర్వాత ఎప్పుడో తెలిసేది. ఒక్కోసారి అదీ తెలిసేది కాదు.

నలభై రోజులు గడిచాయి. పెరట్లో మంచు మీద వేసిన గుడారంలో ఆయన్ను ఉంచిన మూడు రోజులూ నేను లోపల గోడవైపు తిరిగి కూర్చున్నాను. పెళ్లాం శోకం పాడాలి. భర్త గుణగణాలు వరుసగా ఎత్తి ఏడవాలి. నాకు మాట రాలేదు. జైనెప్ అపా రెండుసార్లు వీపు మీద తట్టింది, మొదటిసారి మెల్లగా, రెండోసారి గట్టిగా. చివరికి నా బదులు ఆమే పాడింది. బయట ఆడవాళ్లు అనుకున్న మాటలు ఉన్ని గోడలోంచి వినపడ్డాయి. "రాయి," అందొకామె. "పామీర్ వాళ్లంతే, చలికి గడ్డకట్టి ఉంటారు," అంది ఇంకొకామె. నాకు కోపం కూడా రాలేదు.

ఆ నలభై రోజులూ పేజీ తెరుచుకోలేదు. చావింటికి వచ్చి దాని సంగతి అడగడం బాగుండదని అందరూ ఊరుకున్నారు. నలభయ్యో రోజు వంటలయ్యాయి, చుట్టాలు వెళ్లారు. ఫిబ్రవరి ఇరవై నాలుగు, సోమవారం సాయంత్రం నాలుగింటికి నేను అద్దాల మీద గుడ్డలు తీసి మడతపెట్టాను. పెట్టె తీగ గోడకు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. అంతటితో పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కాలీపా ఎజే తలుపు తోసుకుని వచ్చింది. మా తివాచీల గుంపుకి ఆమే పెద్ద; ఎజే అంటే అక్క. చేతిలో ఫోను, బూట్లకు మంచు.

"ఏమే సోనున్, మన తివాచీలు కరుస్తాయా?"

"ఏమైంది ఎజే?"

"చూడు! ఈ చోటు భద్రం కాదట. వెనక్కి వెళ్లిపోవాలట. ఎర్రగా రాశాడు. నేను నా చేత్తో నొక్కి కుట్టిన షిర్దాక్ చూడబోతే నన్నే వెనక్కి పొమ్మంటాడేంటే?"

ఫోన్ తీసుకుని చదివాను. సర్టిఫికెట్ గడువు ఆదివారంతో తీరిపోయిందని ఉంది.

"అదే తెచ్చుకుంటుంది, ఎజే. మళ్లీ మొదలైందిగా."

"ఎప్పుడు? శుక్రవారం మధ్యాహ్నం బిష్కెక్ పట్నంలో హస్తకళల సంత వాళ్లు కూర్చుని చూస్తారు. మూడేళ్లు తిరిగితే ఇప్పటికి మన పేరు పిలిచారు. ఫోటోలు ఫోన్లో పంపుతామంటే వద్దన్నారు. పేజీ తెరుస్తాం, ఉంటే ఉంటారు, లేకపోతే లేదు అన్నారు. ఎర్ర రాత చూశారంటే తర్వాతి పేరుకి పోతారు. పదకొండు మంది చలికాలమంతా చేసిన పని, అన్నీ కప్పేసుకుని పడుకోవడమే ఇక."

"రేపటికి వచ్చేస్తుంది," అన్నాను.

రాలేదు. బుధవారం మధ్యాహ్నం కాలీపా ఎజే దోలోత్‌ని లాక్కొచ్చింది. దోలోత్ ఎసెన్‌కుల్‌తో ఇరవై ఏళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసినవాడు. శవానికి స్నానం చేయించిన ఐదుగురిలో ఒకడు కాబట్టి ఆచారం ప్రకారం ఆయన బూడిదరంగు కోటు అతనికి వెళ్లింది. అదే వేసుకుని వచ్చాడు. దాని చేతులు అతనికి కొంచెం పొట్టి అయ్యాయి. గుమ్మంలో నన్ను చూసి ఆ కోటు విప్పాలా వద్దా అని తటపటాయించాడు.

"వేసుకో, చలిగా ఉంది," అన్నాను.

"సరే, జెంగే."

దోలోత్ నాకంటే రెండేళ్లు చిన్నవాడు; ఎసెన్‌కుల్ భార్యను కాబట్టి అతనికి నేను జెంగే, అంటే వదిన. టీవీ మీది దుప్పటి తీసి టీవీనీ, ఒక కీబోర్డునూ పెట్టెకి తగిలించాడు. తెర నల్లగా అయి తెల్ల అక్షరాల వరుసలు వచ్చాయి. దోలోత్ వాటిని పైకీ కిందికీ జరిపాడు.

"పేజీలన్నీ నడుస్తున్నాయి. ఫైలు తప్పేం లేదు."

"మరి?" అంది కాలీపా ఎజే.

"సర్టిఫికెట్ కూడా బాగానే ఉందంటోంది."

"నీకు కళ్లు బాగానే ఉన్నాయా? ఇదిగో ఫోను."

"ఎజే, అరవకు. ఇది ఇంకా ముప్పై ఎనిమిది రోజులు చెల్లుతుందని రాసుంది ఇక్కడ. అందుకే కొత్తది అడగట్లేదు. అడగాల్సిన పని లేదనుకుంటోంది."

"ఫోనేమో చచ్చిందంటుంది, ఇదేమో బతికుందంటుంది."

అంటూనే నాలుక కరుచుకుని నావైపు చూసింది. నేను టీ పోస్తున్నాను.

దోలోత్ అరగంట వెతికాడు. రౌటర్ ఆపి పెట్టాడు. పెట్టె ఆపి పెట్టాడు. బొమ్మలన్నీ ఇక్కడి నుంచి తీసి పట్నంలో ఎవరి దగ్గరైనా పెట్టిద్దాం, కానీ వారం పడుతుంది అన్నాడు. వారం అంటే శుక్రవారం దాటిపోయినట్టే. కాలీపా ఎజే బల్ల మీదున్న రొట్టె ముక్కలు ముక్కలు చేస్తూ, తినకుండా ఒక పక్కకి పోగేస్తోంది.

"నీకు ఇరవై ఏళ్లు జీతం దేనికిచ్చారురా? కుర్చీ వేడిగా ఉంచినందుకా?"

"కుర్చీ చల్లగానే ఉండేది, ఎజే. హీటరు ఎసెన్‌కుల్ వైపు ఉండేది."

టీ గిన్నె అతని పక్కన పెట్టి నేను తెర ముందు నిలబడ్డాను. చిన్నప్పుడు చదువుకున్నవాళ్లు వరుసను చూస్తూనే తమకు కావలసిన మాట మీదికి దూకుతారు. నాకది రాదు. ఎడమ చివర మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి, వేలు జరుపుకుంటూ ఉన్నదంతా చదవాలి. అలాగే చదివాను. ప్రతి వరుసకీ మొదట అంకెలున్నాయి. రెండు వేల ఇరవై ఐదు. గీత. సున్నా ఒకటి. గీత. పదహారు.

కింది వరుసా అంతే. దాని కిందదీ అంతే.

"దోలోత్, ఇది జనవరి పదహారు అంటోంది."

"ఏది?"

"ఇది. ముందున్నది."

దోలోత్ లేచి దగ్గరికొచ్చాడు. తెర వైపు చూసి, నావైపు చూసి, మళ్లీ తెర వైపు చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని గడియారానికి బ్యాటరీ ఉండదు, జెంగే," అన్నాడు. "తీగ పీకితే గడియారం ఆగుతుంది. పెడితే ఆగిన చోటి నుంచి నడుస్తుంది. మామూలుగా అయితే లేవగానే ఎవరినైనా టైం అడిగి సరిచేసుకుంటుంది. ఎసెన్‌కుల్ మన ఆఫీసు మెషీన్‌ని అడగమని రాశాడు. ఆ మెషీన్‌ని మేం జనవరి చివర్లో తీసి పారేశాం."

"అంటే?" అంది కాలీపా ఎజే.

"అంటే జెంగే మొన్న తీగ పెట్టినప్పుడు దీనికి జనవరి పద్నాలుగు మధ్యాహ్నం. ఇవాళ పదహారు. దీని లెక్కలో సర్టిఫికెట్‌కి బోలెడు టైం ఉంది. జనవరి ఇరవై నాలుగు వస్తే, గడువుకి ముప్పై రోజులే ఉంటుంది కాబట్టి తనే అడుగుతుంది."

"అది ఎప్పుడొస్తుంది?"

"మనకైతే ఇంకో ఎనిమిది రోజులకి."

"శుక్రవారం ఎల్లుండి!"

"తెలుసు ఎజే. తేదీ మార్చేస్తే సరిపోతుంది. ఒక్క నిమిషం పని." కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"టైం ఎంత దాంట్లో?" అని అడిగాను.

దోలోత్ ఏదో కొట్టాడు. వరుసలన్నీ పోయి తెర మధ్యలో తేదీ, టైం మాత్రం మిగిలాయి, సెకన్లతో సహా. జనవరి పదహారు, గురువారం, పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు.

"పన్నెండు దాకా ఉండనీ," అన్నాను.

"ఏంటే?" కాలీపా ఎజే లేచి నిలబడింది. "పిల్ల పెళ్లికి ముహూర్తం చూస్తున్నావా? వాడు ఒక్క నిమిషమంటుంటే..."

"పన్నెండుకి తీసుకెళ్లారు, ఎజే."

ఆమె మెల్లగా కూర్చుంది. దోలోత్ చేతులు కీబోర్డు మీంచి తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

మా దగ్గర ఆడవాళ్లు గోరీ దాకా వెళ్లరు. ఆ జనవరి పదహారున, పన్నెండుకి మగవాళ్లు వచ్చి గుడారం తడక ఎత్తినప్పుడు నేను గోడ వైపే తిరిగి ఉన్నాను. బూట్ల చప్పుడు విన్నాను, చల్లగాలి వీపుకి తగిలింది, అంతే. ఇప్పుడు టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పద్దెనిమిది నిమిషాలు చాలా పొడవుగా ఉంటాయి. టీ చల్లారి పైన మీగడ కట్టింది. కాలీపా ఎజే ఒకసారి దగ్గి, ఆపుకుంది. పొయ్యిలో బొగ్గు ఒకటి పక్కకి ఒరిగింది. పదకొండు యాభై తొమ్మిదైంది. సెకన్లు యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, మళ్లీ సున్నాలు.

ఏదో వస్తుందనుకున్నాను. ఏదో ఒకటి, గొంతులోకైనా, కళ్లలోకైనా. ఏమీ రాలేదు. పన్నెండు ఒకటైంది.

దోలోత్ ప్రార్థన ముగించినట్టు అరచేతులు రెండూ పైకెత్తి ముఖం మీదుగా దించుకున్నాడు. కాలీపా ఎజే కూడా. నేనూ అలాగే చేశాను.

"కొట్టనా, జెంగే?"

"నేను కొడతాను. ఏం కొట్టాలో చెప్పు."

అతను ఒక్కో అక్షరం చెప్పాడు, నేను ఒక్కో మీట నొక్కాను. తప్పు పడింది. వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కాను. కాలీపా ఎజే వెనక నిలబడి చూస్తోంది. ఫిబ్రవరి ఇరవై ఆరు. గంట కోసం దోలోత్ తన చేతి గడియారం చూసి చెప్పాడు. ఆఖరి మీట నొక్కగానే తెర మీది తేదీ మారిపోయింది. నలభై ఒక్క రోజులు పోవడానికి అర సెకను కూడా పట్టలేదు.

"ఇప్పుడు దాన్ని మనం అడగాలా?" అంది కాలీపా ఎజే.

"అక్కర్లేదు. పది నిమిషాలకోసారి తన సరుకంతా చూసుకుంటుంది."

వేడి టీ పోశాను. దోలోత్ రెండో రొట్టె ముక్క వెన్నలో ముంచుతుండగా తెర మీద వరుసలు పడటం మొదలైంది. గడువు తీరింది అని ఒకటి. కొత్తది అడుగుతున్నాను అని ఒకటి. అవతలివాళ్లు ఏదో ప్రశ్న వేశారు, ఇది జవాబు చెప్పింది. వచ్చింది అని ఒకటి. మూడు పేజీలకీ మూడుసార్లు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

కాలీపా ఎజే ఫోను తీసి వేలితో పొడిచింది. ఎర్ర రాత పోయింది. గొర్రె కొమ్ముల చుట్టల నమూనాతో ఉన్న మా పెద్ద షిర్దాక్, ఎర్రదీ నల్లదీ, తెర నిండా వచ్చింది.

"నా అమ్మే! ఇదిగో నా తల్లి!" ఫోన్‌ని ముద్దుపెట్టుకుంది. "దోలోత్, ఇందాక నేనన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కుర్చీ మాట తప్ప."

"అది ఉంచుకో, ఎజే."

ఆమె పేజీని కిందికి జరుపుకుంటూ పోయింది, ఒక్కో తివాచీ దగ్గరా అది ఎవరిదో పేరు చెబుతూ. అడుగుకి చేరి ఆగింది.

"సోనున్, ఇక్కడున్నది ఎసెన్‌కుల్ నంబరు."

"అవును."

"దరఖాస్తులో కూడా అదే రాశాం. వాళ్లు శుక్రవారం చేస్తే దీనికే చేస్తారు. ఆ ఫోను ఎక్కడుంది?"

ఆయన బట్టలు పెట్టిన ట్రంకులో, అడుగున ఉంది. చనిపోయిన రోజు నుంచి ఎవరూ తీయలేదు. పేజీలో నంబరు మార్చొచ్చు కానీ దరఖాస్తు ఎప్పుడో వెళ్లిపోయింది. నేను ఫోను తీసి తీగ పెట్టాను. గంటకి అది వెలిగి, ఆగకుండా గుయ్‌మంది. చూడని సందేశాలు, తీయని పిలుపులు. ఒక్కటీ తెరవలేదు. బల్ల మీద బోర్లా పెట్టాను.

శుక్రవారం పదకొండింటికే మా పదకొండు మందిలో ఏడుగురు మా ఇంట్లో ఉన్నారు. ఖాళీగా కూర్చోలేక అందరూ ఉన్ని ఏకుతున్నారు. జైనెప్ అపా కూడా వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. పన్నెండైంది. పన్నెండున్నరైంది. "మీ పేరు రాసిన కాగితం గాలికి ఎగిరిపోయుంటుంది," అంది జైనెప్ అపా. "నీ నోట్లో ఉన్ని పెడతాను ఉండు," అంది కాలీపా ఎజే.

ఒంటిగంటకి పది నిమిషాల ముందు ఫోను మోగింది. ఆయన పెట్టుకున్న కొముజ్ తంతి పాట. అందరి చేతులూ ఆగిపోయాయి. ఎవరూ కదలరే. నేను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"నమస్కారం. ఎసెన్‌కుల్ గారేనా?" ఆడ గొంతు, పట్నపు మాట.

"కాదు."

"ఆయన్ని పిలుస్తారా? హస్తకళల సంత నుంచి. పేజీ ఆయన పేరు మీద ఉంది."

నలభై అయిదు రోజులుగా ఆ మాట ప్రతివాళ్లకీ నా బదులు ఇంకెవరో చెబుతూ వచ్చారు. గుమ్మంలో జైనెప్ అపా చెప్పింది, ఆఫీసులో దోలోత్ చెప్పాడు, బజారులో కాలీపా ఎజే చెప్పింది. నన్ను ఎవరూ అడగలేదు.

"ఆయన చనిపోయాడు," అన్నాను. "జనవరి పద్నాలుగున."

అవతల ఏవో కాగితాలు కదిలిన చప్పుడైంది. 

"క్షమించండి. అయ్యో. మరి... మీరు ఎవరు?"

"ఆయన భార్యని. సోనున్."

"ఇప్పుడు ఆ పేజీ ఎవరు చూసుకుంటున్నారు? మే నెలలో సంతకి కొనేవాళ్లు దాంట్లో చూసే వస్తారు. మధ్యలో ఆగిపోతే మాకు మాటొస్తుంది. అందుకే అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు."

"నేను చూసుకుంటున్నాను."

"మీకు వచ్చా అది?"

"చాలా వరకు అదే చూసుకుంటుంది. తేదీ ఒక్కటే నేను చూడాలి."

ఆమెకు అర్థం కాలేదనుకుంటాను. "మంచిది," అంది. తర్వాత తివాచీల గురించి అడిగింది. ఎరుపు దేంతో వేస్తారు, కుట్టు చేత్తోనేనా, పెద్దది ఎన్ని రోజులు పట్టింది. తెలిసినవి చెప్పాను. నమూనా గీసింది ఎవరని అడిగితే కాలీపా ఎజే పేరు చెప్పాను. ఆమె ఎదురుగా కూర్చుని రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

"మీకు చోటిస్తున్నాం," అంది ఆ గొంతు. "వచ్చేవాళ్ల పేర్లు ఇవాళ సాయంత్రంలోగా రాసి పంపండి. తప్పుల్లేకుండా, పాస్‌పోర్టులో ఉన్నట్టు."

ఫోను బల్ల మీద పెట్టాను. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. నా మొహంలో వాళ్లకి ఏమీ కనపడి ఉండదు.

"ఏమందే?" కాలీపా ఎజే గొంతు కీచుగా వచ్చింది. "చెప్పి చావు! ఏమంది?"

"పేర్లు రాసి పంపమంది," అన్నాను. "పెన్సిల్ ఎవరి దగ్గరుంది?"